హిరకణి బురుజు నుండి పాలపంపు వరకు

మహారాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో హిరకణి కథ నెరుగనివారు అరుదు. మరాఠీ బడిలో చదివిన పిల్లలు దానిని ఇంటికి తెచ్చి చెప్పుచుందురు. పాలమ్ముటకు రాయగఢ దుర్గమెక్కిన యామె, ప్రొద్దు గ్రుంకి కోట తలుపులు మూయబడగా, క్రింది పల్లెలోని చంటిబిడ్డ ఆకలి తలచుకొని, చీకటిలో నిట్టనిలువు కొండచరియ దిగి ఇల్లు చేరెనట. శివాజీ మహారాజు అచ్చట బురుజు కట్టించి ఆమె పేరు పెట్టెనని ప్రతీతి. దీనిని సాహసగాథగా చెప్పుకొందురు. నాకు మాత్రము అందలి మూసిన తలుపే ముఖ్యముగా తోచును. పనికిపోయిన తల్లికిని, ఇంటనున్న బిడ్డకును నడుమ ఆ తలుపు నేటికిని ఉన్నది.

బొంబాయి బట్టమిల్లులకు మన పద్మశాలీలు పెక్కుమంది వలసపోయిరి. కామాఠీపురా అను పేటకు ఆ పేరు తెలుగు కామాటీల వలననే వచ్చినది. ఆ మిల్లులకు పోవు తల్లులలో అనేకులు బిడ్డ ఏడువకుండ నల్లమందు గోలీ వేసి నిద్రపుచ్చెడివారు. 1931లో వెలువడిన విట్లీ కమీషను నివేదిక ఈ సంగతిని ప్రస్తావించి, మిల్లులలో శిశుగృహములు ఉండవలెనని సూచించెను. దురాచారమని నిందించుట సులభము. దినమంతయు మిల్లులో నిలువవలసిన తల్లికి వేరు దారి యేది?

1919లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశము, పాలిచ్చు తల్లికి పనివేళలో దినమునకు రెండుమార్లు అరగంట చొప్పున విరామమీయవలెనని తీర్మానించెను. మన దేశమున ఆ మాట చట్టమగుటకు నలుబది సంవత్సరములకు పైగా పట్టినది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాహాయ్యపు బిల్లును డాక్టరు అంబేద్కరు గట్టిగా సమర్థించిరి; 1929లో అది చట్టమైనది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట శిశుగృహమును విధించెను. తుదకు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము, బిడ్డకు 15 నెలలు నిండువరకు దినమునకు రెండు పాలివ్వు విరామములను హక్కుగా చేసినది. 2017 సవరణ సెలవును 12 వారముల నుండి 26 వారములకు పెంచినది. ఏబదిమంది ఉద్యోగులున్న చోట శిశుగృహము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమార్లు అచ్చటికి పోవచ్చుననియు చేర్చినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఈ విరామములను నిలుపుకొన్నది.

చట్టములు వచ్చులోపల మన స్త్రీలు తమ దారి తాము వెదకుకొనిరి. షోలాపురమునను, ముద్ఖేడ్ నుండి రైలు పోవు నిజామాబాదు ప్రాంతమునను తెలుగు స్త్రీలు వేలకొలది బీడీలు చుట్టుచు వచ్చిరి. ఇంట కూర్చుండి చుట్టినచో ఒక చేతితో ఉయ్యెల ఊపవచ్చును, బిడ్డ ఏడ్చినప్పుడు పాలీయవచ్చును. కూలి తక్కువ, పొగాకు దుమ్ము బిడ్డ ప్రక్కనే. అయినను నడుమ తలుపు లేదు.

ఇక మన ముద్ఖేడ్ సంగతి. ఇచ్చటి నుండి నాందేడు 20 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఉదయము బండి ఎక్కి ఉద్యోగమునకు పోయిన తల్లికి ఆ రెండు విరామములు దేనికి పనికివచ్చును? చట్టము తల్లిని బిడ్డయొద్దకు పొమ్మన్నది. బిడ్డ మాత్రము ఊరు దాటి అమ్మమ్మ ఒడిలో ఉన్నది. నేను గుమాస్తాగా ఉన్న ఒక కార్యాలయమున ప్రసూతి సెలవు కాగితములు నా చేతిమీదుగనే పోయెడివి. విరామము కోరుచు వచ్చిన అర్జీ నొక్కటియు నేను చూడలేదు. అట్టి హక్కు ఉన్నదని వారికి చెప్పినవాడను కూడ కాను.

ఇట్టి తల్లికి అక్కరకు వచ్చునది పాలపంపు. అమెరికాలో నీధాం అనునతడు 1854లోనే ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. 1956 ప్రాంతమున స్వీడనునందు ఐనార్ ఎగ్నెల్ తయారుచేసిన విద్యుత్ యంత్రము ఆసుపత్రులలో వాడుకకు వచ్చెను. పిదప చేతిసంచిలో పట్టునంత చిన్నవి వచ్చినవి. యంత్రమున్నంత మాత్రమున పాలు చాలవు. పాలు తీసినకొలది ఊరును. నిలువయుంచినచో రొమ్ము గట్టిపడి బాధించుటయే గాక, ఊట తగ్గిపోవును. బిడ్డ ఇంటనున్నచో ఎన్ని గంటలకొకమారు త్రాగునో, పనిలోను సుమారుగ అన్ని గంటలకొకమారు తీయవలెను. "పాలు చాలుటలేదు, డబ్బాపాలు పట్టుము" అని పెద్దలు తొందరపెట్టునప్పుడు, కోడలికి పనిచోట తీయుటకు వ్యవధి దొరకినదా యని ఎవరును అడుగరు.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు వేడిమిలో నాలుగు గంటలు, ఫ్రిజ్జులో నాలుగు దినములు నిలుచును. మన మరాఠ్వాడా వేసవిలో ఆ నాలుగు గంటల లెక్క చెల్లదు, మంచుగడ్డల డబ్బా వెంట ఉండవలెను. ఇంట వాటిని పొయ్యిమీద కాచక, వేడినీళ్ళ గిన్నెలో గిన్నె నుంచి నులివెచ్చగా చేసి, మన ఉగ్గుగిన్నెతోనే పట్టవచ్చును.

పిండిన పాల విలువను ఆసుపత్రులు ముందుగా గుర్తించినవి. 1989లో బొంబాయి సయాన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల నిధిని స్థాపించిరి. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' వెలసినది. మహారాష్ట్ర బస్సుస్టాండులలో పాలిచ్చు తల్లులకై గదులు ఏర్పరచి, వానికి 'హిరకణీ కక్ష' యని పేరిడిరి. బస్సుకై అరగంట వేచియుండు తల్లికి గది చూపినవారు, ఎనిమిది గంటలు పనిచేయు తల్లికి పలుచోట్ల చూపలేదు. దానికి కావలసినది లోపల గడియ పడు తలుపు, ఒక కుర్చీ, గోడకు ఒక ప్లగ్గు. నేను పనిచేసిన చోట పాత దస్తావేజుల గది యొకటి సంవత్సరముల తరబడి తాళము వేసియే ఉండెడిది. తాళపుచెవి నా బల్ల సొరుగులోనే ఉండెడిది.