నురుగు ద్రాక్షాసవము పుట్టిన తీరు

ఫ్రాన్సుదేశమున షాంపేను మండలములోని ఓవిలేర్ మఠమందు డోమ్ పెరిన్యోన్ అను సన్న్యాసి నురుగు ద్రాక్షాసవమును కనిపెట్టెనని పెక్కు పుస్తకములలో నున్నది. ఆంగ్లపాఠములలో షాంపేను పేరు వచ్చినపుడెల్ల మేమును మా విద్యార్థులకు చాల యేండ్లు ఈ కథనే చెప్పితిమి. అది తప్పు. ఆసవపు రుచి మే మెఱుగము. దానిని మెచ్చుట మా యుద్దేశము గాదు. చెప్పిన తప్పును దిద్దుకొనుటకై యిది వ్రాయుచున్నాము.

తాటికల్లు లొట్టిలో నురుగు గట్టుట మన పాఠకులు చూచియే యుందురు. ద్రాక్షరసమును అట్లే పులియును. పులియునపుడు తీపి తఱిగి బొగ్గుపులుసు వాయువు పుట్టును. షాంపేను చలిసీమ యగుటచే శీతకాలము రాగానే పులియుట నడుమ నాగిపోయి, వసంతపు వేడిమికి మరల మొదలగును. రసము పీపాలో నున్నచో వాయువు వెలికి పోవును. సీసాలో బోసి బిరడా బిగించినచో రసమునందే యణగియుండి, బిరడా తీయగానే బుడగలై లేచును. అయితే దాని యొత్తిడి సామాన్యమైనది కాదు. నేటి సీసాలలో నది మన చుట్టునున్న గాలి యొత్తిడికి ఇంచుమించు ఆఱు రెట్లుండును. కట్టెలమంటపై గరగించిన గాజుతో జేసిన నాటి ఫ్రెంచి సీసాలు దీనికి నిలువజాలక పగిలెడివి.

గట్టి సీసా ఇంగ్లండున బుట్టెను. అందులకు కారణము విచిత్రమైనది. ఓడలకు వలయు కలప తఱిగిపోవునను భయముచే మొదటి జేమ్సు రాజు 1615లో గాజుకొలుములయందు కట్టెలు గాల్చరాదని శాసించెను. పనివారు రాక్షసిబొగ్గునకు మరలిరి. దాని వేడిమి యధికము. ఆ వేడిలో గరగిన గాజు నల్లనిదై, దళసరియై, మిక్కిలి గట్టిదయ్యెను.

1662 డిసెంబరు 17వ తేదీన లండనులోని రాయల్ సొసైటీయందు క్రిస్టఫర్ మెరెట్ అను వైద్యుడు ఆసవములను గూర్చి యొక వ్యాసము సమర్పించెను. పీపాలపనివారు అన్నిరకముల ఆసవములలోను పంచదారయు కాకంబియు విరివిగా గలిపి, వానిని చుఱుకుగాను బుడగలెత్తునట్లుగాను జేయుచున్నారని యందు దెలిపెను. ఇది తన కల్పన యని యాత డనలేదు. వాడుకలోనున్న పనిని వ్రాసిపెట్టెను, అంతియే. ఆ యేటనే యాతడు ఇటలీవాడగు నేరి రచించిన గాజువిద్యా గ్రంథమునకు ఆంగ్లానువాదమును బ్రకటించెను. ఇక పంచదార మాట. బార్బడోసు ద్వీపమున ఆఫ్రికానుండి తేబడిన బానిసలు పండించిన చెఱకు పంచదార ఆ దినములలో లండనునకు వచ్చుచుండెను. ఆసవపు చరిత్ర వ్రాయువారు ఈ బానిసలను దలచుట అరుదు.

పెరిన్యోన్ ఓవిలేర్ భాండారమునకు అధికారియైనది 1668లో. అనగా మెరెట్ వ్యాసమునకు ఆఱేండ్ల తరువాత. పైగా నాతడు బుడగలు రాకుండ జేయుటకే పాటుపడెను. వేఱువేఱు తోటల ద్రాక్షలను మేళవించు నేర్పు మాత్ర మాతనిది; ఆ కీర్తి యాతనికి జాలును. 1821లో ఆ మఠమునకే చెందిన గ్రొసార్ అను సన్న్యాసి లేని ఘనతను గూడ నాతనికి అంటగట్టెను. వర్తకు లట్టి కథను విడుతురా! ఇట్లనుటచే ఫ్రెంచివారి కృషిని మేము కాదనుట లేదు. సీసా పగులకుండ నెంత పంచదార వేయవలయునో 1836లో లెక్కగట్టినవాడు ఫ్రాన్స్వా అను ఫ్రెంచి మందుల వర్తకుడే.

ఇంగ్లండువారు పరదేశపు రసమునకు నురుగు గట్టించిరి గాని, తమ నేలను బండిన ద్రాక్షతో పేరు దెచ్చుకొనుటకు మూడువందల యేండ్లకు బైగా బట్టినది. సస్సెక్సు, కెంటు సీమలలో షాంపేనునందు వలెనే సుద్దనేల గలదు. సముద్రపు గాలి వేసవిని మితిమీరి వేడెక్కనీయదు; ద్రాక్ష యాలస్యముగా బండును, తీపి తక్కువ, పులుపు హెచ్చు. తక్కిన ఆసవములకు ఇది కొఱత, నురుగుదానికి వలయునదే. 1988లో అమెరికా దంపతులగు మాస్ అనువారు పశ్చిమ సస్సెక్సులోని నైటింబరునందు షాంపేనుజాతి తీగలు నాటిరి. 1992 పంటతో వారి తొలి ఆసవము తయారయ్యెను. భూమి వేడెక్కుచుండుట ఇట్టి తోటలు పెరుగుటకు తోడ్పడినది. అయినను చలి, వాన విడువలేదు. 2012లో పంట బాగుండనందున నైటింబరువా రా యేడు ఆసవమే చేయరైరి.

2015లో షాంపేనులోని టైటింజే సంస్థ కెంటులో నేల కొని, పిమ్మట తీగలు నాటింపజొచ్చెను. ఆ తోటకు వారు పెట్టిన పేరు ఎవ్రెమోన్. ఆ పేరుగల ఫ్రెంచి రచయిత స్వదేశమును వీడి లండను జేరి, రెండవ చార్లెసు కొలువున షాంపేను రుచిని వ్యాపింపజేసెను. 1703లో మరణించిన యాతనిని ఇంగ్లీషువారు వెస్ట్‌మినిస్టరు ఆబీలో కవుల సరసన బాతిపెట్టిరి.