ఒకే జత స్పీకర్లు, రెండు కంప్యూటర్లు

కంప్యూటర్‌కు స్పీకర్ తీగ గుచ్చే జాక్ కంప్యూటర్ కోసం పుట్టింది కాదు. దాని మూలం 19వ శతాబ్దం చివరినాటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఉంది. ఆపరేటర్లు పావు అంగుళం ప్లగ్గులను జాక్‌లలో గుచ్చి ఇద్దరిని మాట్లాడుకోనిచ్చేవారు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలానికి అదే ప్లగ్గు 3.5 మిల్లీమీటర్లకు సన్నబడింది. 1979లో వచ్చిన సోనీ వాక్‌మన్ దాని స్టీరియో రూపాన్ని జనంలోకి తెచ్చింది. ఇందులో ప్లగ్గు కొస ఎడమ ఛానెల్‌కు, మధ్య ఉంగరం కుడి ఛానెల్‌కు, మొదలు గ్రౌండ్‌కు. తొలి వాక్‌మన్‌కు ఇద్దరు వినేందుకు రెండు జాక్‌లు ఉండేవి. ఒక్క జాకే ఉన్న పరికరాల్లో ఆ పని వై ఆకారపు తీగ చేసింది.

కంప్యూటర్ల దగ్గర అవసరం తిరగబడింది. 1987లో రోలాండ్ ఎంటీ-32 అనే విడి సంగీత పరికరం వచ్చింది. మరుసటి ఏడు సియెర్రా సంస్థ 'కింగ్స్ క్వెస్ట్ 4' ఆటకు దానిమీద సంగీతం సమకూర్చింది. 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు వచ్చాక కొన్ని ఆటల్లో సంగీతం ఒకచోట నుంచి, మాటలు, చప్పుళ్లు మరోచోట నుంచి వెలువడేవి. స్పీకర్లు మాత్రం ఒకే జత. 1991 నాటి సౌండ్ బ్లాస్టర్ ప్రోలో మిక్సర్ చిప్ ఉంది. బయటి పరికరాన్ని లైన్-ఇన్‌లో గుచ్చితే చాలు, కార్డే రెంటినీ కలిపేది. సీడీ డ్రైవ్ పాట కూడా పెట్టె లోపల ఒక సన్నని తీగ ద్వారా ఆ కార్డుకే చేరేది.

ఇవేవీ లేనివారు వై తీగనే తిప్పి వాడారు. అసలు చిక్కు ఇక్కడే. స్పీకర్ల ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా పది వేల ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది, ఔట్‌పుట్‌ది చాలా తక్కువ. రెండు ఔట్‌పుట్‌లను నేరుగా ముడివేస్తే ఒకదాని కరెంటు స్పీకర్ల వైపు కాక రెండోదానిలోకి మళ్లుతుంది. శబ్దం తగ్గుతుంది, గరగరలాడుతుంది. ఒక్కోసారి చిప్‌కే ముప్పు. మందు చవకైనదే: ఒక్కో ఛానెల్ దారిలో ఒక్కో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్, రెండు స్టీరియో ఔట్‌పుట్‌లకు మొత్తం నాలుగు. శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాల్యూమ్ కాస్త పెంచితే సరి.

ఒకే కంప్యూటర్‌లో ఒకే కార్డు కోసం ప్రోగ్రాములు పడే గొడవను సాఫ్ట్‌వేర్ తీర్చింది. విండోస్ 98లో కెర్నల్ మిక్సర్, తర్వాత లినక్స్‌లో పల్స్‌ఆడియో ఆ పని చేశాయి. 2009 నాటి విండోస్ 7లోని 'లిజన్' ఎంపికతో, లైన్-ఇన్‌కు వచ్చిన రెండో కంప్యూటర్ శబ్దాన్ని మొదటిదాని స్పీకర్లలోనే వినవచ్చు. అందుకు తీగను రెండోదాని ఆకుపచ్చ ఔట్‌పుట్ జాక్ నుంచి తీసి మొదటిదాని లేత నీలం లైన్-ఇన్ జాక్‌లో గుచ్చాలి. గులాబీ రంగుది మైక్‌కు. అది లైన్ స్థాయి శబ్దాన్ని తట్టుకోలేదు. ఈ రంగుల పద్ధతి పీసీ 99 ప్రమాణంతో స్థిరపడింది. లైన్-ఇన్ లేని ల్యాప్‌టాప్‌లకు మళ్లీ రెసిస్టర్లో, చిన్న మిక్సరో దిక్కు.

రెండు యంత్రాలూ ఎర్త్ ఉన్న ప్లగ్గులతో నడుస్తుంటే వాటి గ్రౌండ్ తీగలు ఒక వలయంగా ఏర్పడి స్పీకర్లలో 'గుయ్' మనే హోరు పుట్టవచ్చు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హోరు కూడా ఆ పౌనఃపున్యానికీ దాని గుణిజాలకూ దగ్గరగా వినిపిస్తుంది. రెండు యంత్రాలను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే ఆడియో తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అది శబ్దాన్ని దాటనిచ్చి, గ్రౌండ్ కలయికను తెంచుతుంది.