పటము ఎందుకు మసకబారును?

గుడివాడనుండి బందరు పోవు రైలు గుడ్లవల్లేరు స్టేషను దాటి కవుతరమువైపు సాగునపుడు, కిటికీ ప్రక్కన కూర్చున్నవారు సెల్‌ఫోనుతో వరిచేలను ఫొటో తీయుట నేడు సర్వసాధారణము. ఆ పటమును పరికించినచో ఒక వింత కానవచ్చును. దూరముననున్న తాటిచెట్లు చక్కగా నిలిచియుండును. పట్టాల ప్రక్కనున్న గడ్డి మాత్రము గీతలు గీతలుగా అలుకుకొనిపోయి యుండును. కెమెరా ఒక్కటే, క్షణము ఒక్కటే, తీసిన చేయియు ఒక్కటే. అయినను పటములో కొంత స్పష్టము, కొంత మసక. ఇందులకు కారణము గ్రహించినచో మసక పటముల మర్మములో సగము గ్రహించినట్లే.

రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. కెమెరా కన్ను సెకనులో 60వ వంతు కాలము తెరచుకొనినను, అంతలోనే బండి 28 సెంటీమీటర్లు ముందుకు జరుగును. చెంతనున్న గడ్డిపరకకు ఆ జరుగుబాటు చాల ఎక్కువ. దూరపు తాటిచెట్టునకు అది లెక్కలోనికి రాదు. కావున పటము అబద్ధమాడలేదు. తన కన్ను తెరచియున్నంతసేపు జరిగినదంతయు ఒకే కాగితముపై వ్రాసికొన్నది. మనము మసక యని పిలుచునది పెక్కు సందర్భములలో ఒకదానిపై నొకటి పడిన వ్రాతయే.

ఈ చిక్కు డిజిటల్ కెమెరాతో పుట్టినది కాదు; ఛాయాచిత్రకళతోపాటే పుట్టినది. 1838లో పారిస్ నగరమున డాగేర్ అను ఫ్రెంచివాడు తన మేడ కిటికీనుండి ఒక పెద్దవీథిని చిత్రించెను. బండ్లతోను మనుష్యులతోను కిటకిటలాడు ఆ వీథి పటములో నిర్మానుష్యముగా కనిపించినది. వెలుగును పట్టు పలక నాడు చాల మందకొడి; దానిని నిమిషములతరబడి తెరచియుంచవలసి వచ్చెను. నడచిపోయినవారెవ్వరును దానిపై నిలువలేదు. వీథి మూలను బూట్లు తుడిపించుకొనుచు కదలక నిలిచిన ఒక్క మనుష్యుని ఆకారము మాత్రము మిగిలినది. కదలువారు మసకబారుటయే కాదు, పూర్తిగా మాయమగుటయు కలదని లోకము ఆనాడే చూచినది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు తడి గాజుపలక పద్ధతిని ప్రకటించెను. దానితో నిమిషములు సెకనులకు దిగినవి. అయితే పలకకు మందు పూయుట, దానిని కెమెరాలో నుంచి పటము తీయుట, చీకటిగదిలో కడుగుట, ఇవన్నియు ఆ పూత ఆరకముందే జరుగవలెను. వేడి ఎక్కువగా నుండు మన సీమలో ఇది ఎంత తొందరపని యగునో ఊహింపవచ్చును.

ఈ తడిపలకలకు మన ప్రాంతముననే ఒక గొప్ప పరీక్ష జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కృష్ణాతీరము మీదుగా పోయినది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరునకు వచ్చెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్‌ను, బ్రిటిషు సైన్యమునకు చెందిన మేజర్ జేమ్స్ టెనెంట్‌ను గుంటూరున విడిసిరి. గుంటూరు అప్పుడు కృష్ణా మండలములోనిదే. సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును పట్టకముతో విడదీసి చూచుట జాన్సెన్ పని. గ్రహణమును గాజుపలకలపై చిత్రించుట టెనెంట్ బృందము పని.

వారి కష్టమును ఒక్కసారి లెక్కవేసి చూతము. సూర్యుడు ఆకాశమున తన వెడల్పు ఎంతయో అంత దూరము జరుగుటకు సుమారు రెండు నిమిషములు పట్టును. పలకను పది సెకనులు తెరచియుంచినచో బింబము తన వెడల్పులో పండ్రెండవ వంతు ప్రక్కకు జరుగును, పటము అలుకుకొనిపోవును. కాలము తగ్గించినచో గ్రహణవేళ చాలీచాలని వెలుగు పలకపై నిలువదు. ఇట్టి చిక్కునకు ఖగోళశాస్త్రజ్ఞులు కనుగొనిన ఉపాయము దూరదర్శినినే గడియారపు యంత్రముతో సూర్యుని వెంట మెల్లగా నడిపించుట. సంపూర్ణగ్రహణము గుంటూరున అయిదు నిమిషములకు పైగా నిలిచినది గాని, పలుచని మబ్బు అడ్డువచ్చి వెలుగును తగ్గించెను. అయినను టెనెంట్ బృందము ఆరు పలకలను సాధించెను. సూర్యుని అంచున కొమ్మువలె లేచిన మహాజ్వాల వానిపై నిలిచినది.

వెలుగు తక్కువ, కాలము తక్కువ, చిత్రింపవలసిన వస్తువు కదలుచున్నది. నేటి రాత్రి పెండ్లిపందిరిలో సెల్‌ఫోను పట్టిన మేనమామకు ఎదురగు ఇబ్బందులును ఇవియే.

గ్రహణము జరిగిన మరుసటి సంవత్సరమే, అనగా 1869లో, బందరున రఘుపతి వెంకయ్య నాయుడు జన్మించెను. తెలుగు సినిమాకు పితామహుడని మనము కొనియాడు ఈయన మొదట మద్రాసులో ఫొటో స్టూడియో నడపిన ఛాయాచిత్రకారుడు. 1871లో రిచర్డ్ మాడక్స్ ఆరిన పూతగల పలకకు దారి చూపిన పిదప, కొలది సంవత్సరములలోనే సెకనులో చిన్న భాగమున పటము తీయుట సాధ్యమయ్యెను. అంతకుముందు స్టూడియోలలో కూర్చున్నవారి తల కదలకుండ వెనుకనుండి ఇనుప ఊత నుంచెడివారు. మన తాతముత్తాతల పాతపటములలో నవ్వు అరుదుగా కనిపించుటకు ఈ నిర్బంధమును ఒక కారణమే. సెకనుల కొలది ఒకే నవ్వును నిలుపుట ఎవరి తరము?

తరువాతి కాలమున పలక పోయి ఫిలిము వచ్చెను. ఫిలిమునకు బదులు విద్యుత్ కన్ను రాదగునని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్ అను ఇరువురు సూచించిన సాధనము తెలిపినది. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ మొదటి డిజిటల్ కెమెరాను కూర్చెను. అందులో పటమునకు 10,000 చుక్కలు మాత్రమే. ఒక్క పటమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకనులు పట్టెను. నేడు జేబులోని ఫోనులో కోట్ల చుక్కల పటము రెప్పపాటున నిలుచుచున్నది. చుక్కలు పెరిగినవి గాని వెలుగునకును కాలమునకును గల లెక్క మారలేదు. చుక్కలెన్ని యున్నను కదలిన చేతిని అవి సరిదిద్దవు.

కావున పటము మసకబారినపుడు కెమెరాను నిందించుటకు ముందు ఆ పటమునే పెద్దదిగా చేసి చూడవలెను. దోషము ఏదియో అదియే చెప్పును. పటమంతయు ఒకే దిక్కునకు అలుకుకొనియున్నచో కదలినది మన చేయి. గోడ స్పష్టముగా నుండి ఎదుట మనిషి మాత్రము చెదరియున్నచో కదలినది ఆ మనిషి. మనిషి ముఖము మసకగా నుండి వెనుక తోరణము స్పష్టముగా నున్నచో ఫోకస్ తప్పినది. దీపముల చుట్టు పాలవంటి వెలుగు ఆవరించియున్నచో కటకముపై మురికియో తేమయో కలదు. అంతటను ఇసుక చల్లినట్లున్నచో వెలుగు చాలలేదు.

ప్రతి దోషమునకును వేరువేరు మందు. చేయి కదలినచో రెండు మోచేతులను ప్రక్కలకు ఆనించి, స్తంభమునకో గోడకో ఒరగి, ఊపిరి బిగబట్టి మీట నొక్కవలెను. మూడుకాళ్ల స్టాండు ఉన్న మరియు మేలు. స్టాండు పైనున్నపుడు మీటను వ్రేలితో నొక్కక, కొన్ని సెకనుల పిమ్మట తనంత తాను తీయు ఏర్పాటును వాడుకొనవలెను. పెద్ద కెమెరాలవారికి ఒక పాత సూత్రము కలదు: 50 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 50వ వంతు, 200 మిల్లీమీటర్ల కటకమునకు 200వ వంతు, అంతకుమించి కన్ను తెరచియుంచరాదు. దూరమును దగ్గరగా చూపు కటకము చేతివణకును కూడ పెద్దదిగా చూపును.

1990ల నడుమనుండి కెమెరాలలో చేతివణకును సరిదిద్దు ఏర్పాటు వచ్చినది. అది మన చేతిని సరిదిద్దును గాని ఎదుటివారి కదలికను ఆపలేదు. ఈ భేదము తెలియక పలువురు నిరాశ చెందుచున్నారు. మన సీమకు పేరు తెచ్చిన కూచిపూడి నాట్యమునే చూడుడు. నర్తకి చేయి సెకనుకు రెండు మీటర్లు కదలినచో, సెకనులో 30వ వంతున అది దాదాపు ఏడు సెంటీమీటర్లు జరుగును. 500వ వంతున నాలుగు మిల్లీమీటర్లే. అట్టిచోట షట్టరు వేగము పెంచుటయే మార్గము. అందులకు తగిన వెలుగు లేనిచో ఐ.ఎస్.ఓ. అను అంకెను పెంచవలెను. ఇసుకపూత కొంత వచ్చును. అయినను ముఖము దక్కును. లేదా నర్తకి ఒక భంగిమలో నిలిచిన క్షణమునకై వేచియుండవలెను.

ఫోకస్ విషయమున తొందర పనికిరాదు. పెద్ద కెమెరాలో మీటను సగము నొక్కి, ముఖముపై ఫోకస్ కుదిరిన పిదప పూర్తిగా నొక్కవలెను. ఫోనులో తెరపైనున్న ముఖమును వ్రేలితో తాకిన చాలును. మరీ దగ్గరకు పోయినచో ఏ కటకమునకును ఫోకస్ కుదరదు. ఒక అడుగు వెనుకకు వేయవలెను. జేబులోనుండి తీసిన ఫోను కటకముపై వ్రేలిజిడ్డు తప్పక యుండును; మెత్తని నూలుబట్టతో తుడువవలెను. మన డెల్టాలో గాలి తేమ ఎక్కువ. చల్లని ఏసీ గదినుండి ఒక్కసారిగా వెలుపలికి తెచ్చినచో కటకముపై ఆవిరి పేరుకొనును. కొంతసేపు సంచిలోనే యుంచి తీసినచో ఆ బాధ యుండదు. మరియొక మాట. తీసినపుడు బాగున్న పటము బంధువులకు పంపిన తరువాత మసకబారుట కలదు. అది కెమెరా దోషము కాదు. పంపు ఏర్పాటు పటమును కుదించుచున్నది. పటముగా కాక డాక్యుమెంటుగా పంపినచో అసలు పటమే చేరును.

ఇట్లు ముందు జాగ్రత్త చెప్పుటకు గట్టి కారణము కలదు. 1990లో ఆకాశమునకు పంపిన హబుల్ దూరదర్శిని అద్దపు అంచు, వెంట్రుక మందములో సుమారు యాబదవ వంతు మేర పల్లమగుటచే పటములు మసకగా వచ్చినవి. దోషము కొలతతో సహా తెలిసినది గనుక గణితముచే కొంత సరిచేయగలిగిరి. అయినను పూర్తి ఫలితమునకై 1993 డిసెంబరులో వ్యోమగాములు పోయి సవరణ కటకములవంటి సాధనములను అమర్చవలసి వచ్చెను. పడని వెలుగును గణితము తేజాలదు. నేడు కొన్ని సాఫ్టువేర్లు మసక ముఖమును తళతళలాడునట్లు చేసి చూపుచున్నవి. కాని అవి తప్పిపోయిన కనుబొమను వెదకి తెచ్చుట లేదు. వేలాది ఇతర ముఖములను చూచి నేర్చిన పోలికతో క్రొత్త కనుబొమను గీయుచున్నవి. ఆ ముఖము అందముగా నుండవచ్చును. అది మన తాతగారిది కాకపోవచ్చును.

ఈ మాట విలువ మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను, ఇండ్లను, ఇండ్లలోని గోడపటములతోసహా తుడిచిపెట్టినది. పోయినవారిని చూచుకొనుటకు ఒక్క పటమైనను మిగులుట భాగ్యమని అట్టివేళ తెలియును. తీసిన ప్రతి పటమును అట్టిది కాదు. ఏది అట్టిదగునో తీయునపుడు ఎవ్వరికిని తెలియదు. అందుచేత అమ్మమ్మను అరుగుపై కూర్చుండబెట్టి పటము తీయువారు ఆమెను వెలుగువైపు త్రిప్పి, కటకము తుడిచి, చేయి ఆనించి, ఒకటికి రెండు పటములు తీసి, అక్కడనే పెద్దదిగా చేసి చూచుకొనుట మంచిది. అరనిమిషము పని. మసకగా నున్నచో మరల తీయుటకు ఆమె ఇంకను అచ్చటనే యుండును.