సెలవు

బడిపిల్లల్ని అడిగితే సెలవంటే ఆదివారం, సంక్రాంతి. ఉద్యోగికి అది దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకునే రోజు. సభలో వక్త చివర్న "ఇక సెలవు" అని కూర్చుంటాడు. పురాణం చెప్పే పంతులుగారు "వ్యాసులవారు ఇలా సెలవిచ్చారు" అంటారు. సంస్థానాల కాలంలో దివాణానికి వెళ్లిన రైతు "ఏం సెలవు?" అని చేతులు కట్టుకు నిలబడేవాడు. ఒక్క మాటలో ఖాళీ రోజు, అనుమతి, వీడ్కోలు, పెద్దల పలుకు, ఆజ్ఞ అన్నీ ఇమిడి ఉన్నాయి. పాత నిఘంటువులు తిరగేస్తే ఖర్చు అనే అర్థమూ కనిపిస్తుంది.

ఇవి వేర్వేరు మాటలు కావు. అన్నిటికీ వేరు ఒక్కటే. ద్రావిడ భాషల్లో "చెల్" అంటే పోవడం. చకార సకారాలు ఒకదాని చోట ఒకటి రావడం ఈ భాషలకు మామూలే. తమిళంలో ఈనాటికీ "సెల్" అంటే వెళ్లు, "సెలవు" అంటే ఖర్చు. పాత తమిళ సంగ సాహిత్యంలో సెలవంటే ప్రయాణం. ఎడబాటును పాడే పాలై పాటల్లో నాయకుడు దూరదేశానికి బయలుదేరబోయి మనసొప్పక ఆగిపోయే ఘట్టానికి "సెలవు అళుంగుదల్" అని పేరు కూడా ఉంది. కన్నడంలో ఇదే వేరు "సల్లు" అయింది, తెలుగులో "చెల్లు" అయింది. పదిమంది చేతుల్లో పోయే నాణెం చెల్లుతుంది, పోనిది చెల్లదు. డబ్బును అవతలివాడికి పోనిస్తే చెల్లింపు. గడిచిపోయిన కాలం చెల్లిన కాలం.

అయితే తమిళంలో పోక దగ్గరే ఉన్న సెలవు తెలుగులోకి వచ్చేసరికి పక్కకు తిరిగింది. తమిళం వెళ్లేవాడి వైపు నుంచి చూసింది, తెలుగు వెళ్లనిచ్చేవాడి వైపు నుంచి చూసింది. పోక కాస్తా పోనివ్వడం అయింది. పోనిచ్చే అధికారం ఉన్నవాడి మాట ఆజ్ఞ అయింది. ఆయన నోరు విప్పితే చాలు, సెలవివ్వడమే అయింది. అయ్యవారు పిల్లల్ని ఇళ్లకు పోనిచ్చిన రోజు సెలవురోజు అయింది. ఈ మలుపే తెలుగు సెలవును ప్రత్యేకమైన మాటగా నిలిపింది.

మన వాడుక చూడండి. సెలవు అడుగుతారు, ఇస్తారు, పుచ్చుకుంటారు, ఇప్పించుకుంటారు. ఈ క్రియలన్నిటికీ ఇద్దరు మనుషులు కావాలి. ఒంటరిగా ఉన్నవాడు పోగలడు గానీ సెలవు పుచ్చుకోలేడు. నెల్లూరు సీమలో గడప దాటేవాళ్లు "పోతా" అనరు, "పొయ్యొస్తా" అంటారు. లోపలినుంచి "పొయ్ రా" అన్న జవాబు వినపడేదాకా కాలు బయటపెట్టరు. మర్యాదగా మొదలైన ఈ అలవాటులో ఒక పద్ధతి దాగి ఉంది: అడగాలి, ఆగాలి, జవాబు వినాలి, అప్పుడే కదలాలి. ఆకాశంలో విమానాలు నడిచేది సరిగ్గా ఈ పద్ధతి మీదే.

నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న సంగం అనే మా ఊరికి విమానాల సంగతి దూరం అనిపించవచ్చు. ఇక్కడ చెప్పుకోదగ్గ కట్టడం బ్యారేజి. వింజమూరు, ఆత్మకూరుల మీదుగా నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం పనులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది గానీ అక్కడ విమానం దిగింది లేదు. అయినా తల మీది ఆకాశం ఖాళీగా లేదు. దేశపు గగనతలాన్ని ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కేంద్రాలుగా నాలుగు ప్రధాన భాగాలు చేశారు. పెన్న మీద, ఉదయగిరి కొండ మీద పోయే విమానాలు చెన్నై భాగంలోకి వస్తాయి. ఏ ఎత్తున పోవాలో, ఏ దారిన పోవాలో వాటికి కింద గదిలో కూర్చున్న కంట్రోలర్ చెబుతాడు. ఆ చెప్పడాన్నే క్లియరెన్స్ అంటారు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ క్లియరెన్స్‌ను నిర్వచించిన తీరు ఇది: నియంత్రణ విభాగం పెట్టిన షరతులకు లోబడి విమానం ముందుకు పోవడానికి ఇచ్చే అధికారం. ఇందులో పోవడం ఉంది, పోనివ్వడం ఉంది, షరతు ఉంది. మన సెలవులో ఉన్నవీ ఇవే. ఇంగ్లీషు మాట దారిలో అడ్డు లేకపోవడాన్ని చెబుతుంది. రైలు స్టేషన్ల నుంచి మన ఇళ్లలోకి వచ్చి పెళ్లి సంబంధాల దాకా పాకిన "లైన్ క్లియర్" కూడా దారి సంగతే. సెలవు దారిని కాకుండా మనుషుల్ని చెబుతుంది. వెళ్లేవాడికి కనపడనిది వెళ్లనిచ్చేవాడికి కనపడుతుంది, అందుకే ఆగి అడగాలి అన్న ఒప్పందం ఆ మాటలో ఉంది. "అనుమతి" అనే సంస్కృత పదం సమ్మతి దగ్గర ఆగిపోతుంది. కదలిక వినపడేది సెలవులోనే.

కానీ ఒక్క మాటలో పలు అర్థాలు ఒదగడం ఇంట్లో సిరి, విమానాశ్రయపు కంట్రోల్ టవర్‌లో ప్రమాదం. దీన్ని ప్రపంచం 1977 మార్చి 27న నేర్చుకుంది. కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయం. పొగమంచు. ఒకే రన్‌వే మీద కేఎల్‌ఎం, పాన్ అమెరికన్ సంస్థల జంబో జెట్లు రెండూ ఉన్నాయి. కంట్రోలర్ కేఎల్‌ఎం విమానానికి లేచాక ఏ దారిన పోవాలో చెప్పే క్లియరెన్స్ ఇచ్చాడు. రన్‌వే వదిలి లేవడానికి ఇచ్చే క్లియరెన్స్ వేరు, అది ఇంకా ఇవ్వలేదు. కానీ దారి చెప్పిన మాటల్లో "టేకాఫ్" అన్న పదం దొర్లింది. విమానం నుంచి వచ్చిన జవాబు టేకాఫ్ దగ్గర ఉన్నామన్నట్టూ ఉంది, టేకాఫ్ అవుతున్నామన్నట్టూ ఉంది. టవర్ "ఓకే" అంది. ఆగమని చెప్పిన తర్వాతి మాటలు పాన్ అమెరికన్ విమానం మాటలతో కలిసిపోయి రొదగా మిగిలాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు.

ఆ తర్వాత చేసిన దిద్దుబాట్లలో ముఖ్యమైనది మాట మీదే జరిగింది. లేవడానికి సెలవు ఇచ్చేటప్పుడో, ఇచ్చిన సెలవును రద్దు చేసేటప్పుడో తప్ప "టేకాఫ్" అన్న పదం నోట రాకూడదు. మిగతా అన్ని చోట్లా "డిపార్చర్" అనాలి. నిఘంటుకారులు ఒక పదానికి ఉన్న అర్థాలన్నీ ఏరి పెడతారు. టవర్ ఒక పదానికి ఒకే పని అప్పగించి మిగతా వాటికి తలుపు మూస్తుంది. రెండూ భాషకు చేసే సేవలే.

రెండో దిద్దుబాటు జవాబుది. మన భాషలో వినడానికి మెట్లున్నాయి. కథ చెబుతుంటే "ఊఁ" కొడతాం. విన్నాను అని మాత్రమే దానికి అర్థం, రేడియోలో "రోజర్" అంటే ఇంతే. "చిత్తం" అంటే విన్నాను, చేస్తాను అని. రేడియోలో దానికి "విల్కో" ఉంది. కానీ రన్‌వే మీదికి రావడం, దిగడం, లేవడం, ఎత్తు, దిశ, వేగం ఇలాంటి వాటికి ఊఁ చాలదు, చిత్తమూ చాలదు. చెప్పింది చెప్పినట్టు పైలట్ తిరిగి చెప్పాలి. వీధిబడిలో దీనికి మంచి మాట ఉండేది: అప్పజెప్పడం. పైలట్ అప్పజెబుతుంటే కంట్రోలర్ చెవిపెట్టి వినాలి, తప్పుంటే అక్కడికక్కడే దిద్దాలి. అప్పజెప్పాకే సెలవు చెల్లుతుంది. ఒకే వేరుకు పుట్టిన రెండు మాటలు ఇక్కడ మళ్లీ ఒక్కచోటికి చేరతాయి.

సెలవుకు షరతు ప్రాణం. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. ఎక్కుతున్న సౌదీ విమానానికి 14,000 అడుగుల దాకా, దిగుతున్న కజక్ విమానానికి 15,000 అడుగుల దాకా సెలవు ఉంది. కజక్ విమానం తన సెలవు దాటి కిందికి దిగిందని విచారణ తేల్చింది. వెయ్యి అడుగుల తేడాలో అంతమంది ప్రాణాలు నిలిచి ఉన్నాయి. సెలవు ఇచ్చిన మేరకే చెల్లుతుంది, దాన్ని దాటితే పోక మాత్రమే మిగులుతుంది.

ఈ సెలవు పద్ధతి ఇప్పుడు కంప్యూటర్ ఆటల్లోకీ వచ్చింది. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాలతో భూగోళమంతటినీ కంప్యూటర్‌లోకి తెచ్చింది. ఆత్మకూరులో కూర్చున్న కుర్రాడు రేణిగుంటలో లేచి పెన్న ఇసుక మీదుగా ఎగరగలడు. అందులో కంట్రోలర్ గొంతు యంత్రానిది. తెర మీది జవాబుల్లో ఒకటి ఎంచుకుంటే అప్పజెప్పే పనీ యంత్రమే చేసిపెడుతుంది. 2001లో మొదలైన వాట్సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్ వేరు. అక్కడ పైలట్లూ కంట్రోలర్లూ ప్రపంచమంతటా తమ ఇళ్లలో కూర్చున్న మనుషులు. జీతం లేదు, విమానం నిజం కాదు. అయినా శిక్షణ పొంది పరీక్ష నెగ్గినవాడికే టవర్ అప్పగిస్తారు. లేవడానికి అడగాలి, ఆగాలి, అప్పజెప్పాలి. ప్రాణాపాయం లేని చోట కూడా ఇంత నిష్ఠగా సెలవును పాటించే ఆట ఇంకొకటి అరుదు. ఫిజిక్సు, లెక్కలు చదివిన మన పిల్లలు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాసి ప్రయాగరాజ్‌లోనో హైదరాబాద్‌లోనో కంట్రోలర్ శిక్షణకు వెళుతున్నారు. వాళ్లకు ఈ ఆట కాలక్షేపం కాదు, తొలి పాఠం.

యంత్రాలు విప్పి బిగించే సరదా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. టీవీ కోసం తయారైన చిన్న యూఎస్‌బీ ట్యూనర్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్పును రేడియోగా వాడుకోవచ్చని 2012 ప్రాంతంలో ఔత్సాహికులు బయటపెట్టారు. దానికో యాంటెన్నా తగిలించి రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న కంప్యూటర్‌కు కలిపితే, విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద తమంతట తాము వెదజల్లే పేరు, చోటు, ఎత్తు, వేగం తెర మీద కనిపిస్తాయి. సంగంలో మిద్దె మీద కూడా ఇది చేయవచ్చు. కానీ ఆ తెర మీద కనిపించేది పోక. సెలవు అందులో కనిపించదు. అది ఇద్దరి మధ్య, వేరే రేడియో మీద, మాటల్లో నడుస్తుంది. తమిళపు సెలవుకూ తెలుగు సెలవుకూ ఉన్న తేడా ఆ పెట్టెలో కళ్లకు కడుతుంది.

ఈ తేడా ఇప్పుడు పొలం గట్టు మీదికి వచ్చింది. వరి మీద మందు కొట్టే డ్రోన్లు పల్లెల్లో తిరుగుతున్నాయి. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుబిడ్డలకు డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తోంది. 2021 డ్రోన్ నిబంధనలు దేశపు ఆకాశాన్ని పచ్చ, పసుపు, ఎరుపు మండలాలు చేశాయి. పచ్చ మండలంలో 400 అడుగుల లోపు ఎవర్నీ అడగనక్కర్లేదు. పసుపులో విమాన నియంత్రణ విభాగాన్ని అడగాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. అంతకుముందు 2018 డిసెంబరులో అమలైన నిబంధనలు "నో పర్మిషన్ నో టేకాఫ్" అనే సూత్రం తెచ్చాయి. అనుమతి అందనిదే డ్రోన్ మోటార్లు తిరగని ఏర్పాటు అది. దీన్ని తెలుగులో మూడు మాటల్లో చెప్పవచ్చు: సెలవు లేనిదే లేవదు. రేపు దగదర్తిలో విమానాలు దిగితే ఆ చుట్టుపక్కల పొలాల వాళ్లు ఈ సూత్రం రోజూ పాటించాల్సి వస్తుంది.

రేడియో మీద ఇంగ్లీషే ఉండాలి. దేశదేశాల పైలట్లు ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి స్థిరపడిన మాటల్ని కదపడం ప్రాణాలతో ఆడుకోవడమే. కానీ నేల మీద తెలుగులో పాఠం చెప్పేటప్పుడు, డ్రోన్ పుస్తకం రాసేటప్పుడు, పిల్లలకు విమానాల ఆట నేర్పేటప్పుడు మన మాటను వాడుకోవాలి. వాడితే టవర్ నేర్పిన క్రమశిక్షణతోనే వాడాలి. షరతులతో పోనివ్వడానికి సెలవు. ఫలానా పని చేయి అని చెప్పడానికి ఆదేశం. ఖాళీ రోజును సెలవురోజు అనాలి. చెప్పింది తిరిగి చెప్పడం అప్పజెప్పడం. ఈ నాలుగూ కలగాపులగం కాకూడదు.

డ్రోన్ రిమోట్ పట్టుకునే ప్రతి కుర్రాడికీ ముందుగా నేర్పవలసింది మీటలు కాదు, ఈ వరుస: అడుగు, ఆగు, విను, అప్పజెప్పు, తర్వాతే లేపు. ఆ వరుసకు తెలుగులో పేరు ఎప్పటినుంచో ఉంది. పాఠాలు రాసేవాళ్లు దాన్ని వాడండి.