టైమింగ్ గేర్ ఒక్క రోజులో అరగదు

శుక్రవారం కదా, బట్టలు ఉతుక్కొని, కూర వండుకొని కూసున్న. పోస్టు కొంచెం పెద్దగ ఉంటది, ఓపిక ఉన్నోళ్లు చదవండి. బండి నడిపే తమ్ముళ్లు మాత్రం తప్పకుండ చదవాలె.

నేను మెకానిక్‌ను కాదు. పదో తరగతి చదివి, షట్టరింగ్ పనితో మొదలుపెట్టి సూపర్‌వైజర్ అయినోణ్ణి. కానీ ఇక్కడ బహ్రెయిన్‌లో నేను పనిచేసిన ఒక సైట్‌ల టిప్పర్ ఇంజన్ పాడైతే, ఆ ఖర్చు నిజామాబాద్ దిక్కు పోరని జీతంల నుంచి కోత పెట్టిండ్రు. అప్పుడు ఆ ఇంజన్ గురించి తెలుసుకోక తప్పలేదు. తెలుసుకుంట పోతే అది నూరేండ్లు దాటిన కథ అని అర్థమైంది.

ముందు టైమింగ్ అంటే ఏందో చెప్పుకుందాం. మన పనిలనే చూడండి. షట్టరింగ్ బిగించి, సలాకలు కట్టినంకనే కాంక్రీట్ పంపు రావాలె. ముందొస్తే కాంక్రీట్ గట్టిపడుతది, ఆలస్యమైతే మనుషులు ఖాళీగ నిలబడుతరు. ఇంజన్‌ల కూడ అంతే. పిస్టన్ గాలిని నొక్కుకుంట మీదికి వచ్చేటప్పుడు వాల్వులు మూసి ఉండాలె. పైకి చేరే వేళకు డీజిల్ చిమ్మాలె. తర్వాత పొగ పోవడానికి ఇంకో వాల్వు తెరుచుకోవాలె. వాల్వులకు ఈ వేళ చెప్పేది క్యామ్ షాఫ్ట్. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలె. ఆ రెండింటినీ, డీజిల్ పంపునూ లెక్క తప్పకుండ కలిపి తిప్పే గేర్లు గానీ, చైను గానీ, బెల్టు గానీ, వాటినే మనం టైమింగ్ సామాను అంటం.

జర్మనీల నికొలాస్ ఒట్టో అనే ఆయన 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజన్ తయారు చేసిండు. రెండుకు ఒకటి అనే లెక్క అప్పటిదే. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను ఆగ్స్‌బర్గ్ అనే ఊళ్లె 1897లో సరిగ్గ నడిపి చూపించిండు. కానీ అది లారీల పెట్టే సైజు కాదు. ఆ ఇంజన్‌ల డీజిల్ చిమ్మడానికి ఎక్కువ ప్రెషర్ గాలి కావాలె, దానికి వేరే కంప్రెసర్ ఉండాలె. అందుకని మొదట్ల అది ఫ్యాక్టరీలల్ల, ఓడలల్లనే తిరిగింది. బెంజ్, మాన్ కంపెనీల డీజిల్ లారీలు 1923, 1924లల్ల బయటికొచ్చినయి. 1927ల బాష్ కంపెనీ డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఈ పంపు, గాలితో పని లేకుండ, ఒక్కో సిలిండర్‌కు కొలిచి చిమ్ముతది. లారీలకు డీజిల్ ఇంజన్ ఇంతగ కుదరడానికి అదే కారణం. కానీ ఆ పంపును కూడ టైమింగ్ గేరే తిప్పాలె. అంటే గేరు పన్ను అరిగితే వాల్వు వేళ ఒక్కటే కాదు, డీజిల్ చిమ్మే వేళ కూడ తప్పుతది.

మన దేశానికి వస్తే, టాటా వాళ్లు డైమ్లర్ బెంజ్‌తో కలిసి 1954ల జంషెడ్‌పూర్‌ల లారీలు మొదలుపెట్టిండ్రు. 1969 దాక ఆ ఒప్పందం నడిచింది. ముందట నక్షత్రం గుర్తు ఉండే టాటా మెర్సిడెస్ లారీలు మన నాయనల కాలంవాళ్లకు బాగ యాది ఉంటయి. మద్రాసుల అశోక్ మోటార్స్ 1948ల పుట్టి, 1955ల అశోక్ లేలాండ్ అయింది. ఈ లారీలను బాగు చేసేటందుకు విజయవాడల ఆటోనగర్ 1960లల్ల లేచింది. అక్కడ ఇంజన్ పనికి ఒక షెడ్డు, పంపుకు ఒక షెడ్డు, బాడీకి ఒక షెడ్డు. పుస్తకం చదవకుండ చెవితోని, చేతితోని ఇంజన్ నేర్చుకున్న మేస్త్రీలు అక్కడ తయారైండ్రు. వాళ్లల్ల కొందరు తర్వాత గల్ఫ్‌కు వచ్చిండ్రు.

మనం ఉన్న ఈ బహ్రెయిన్‌ల 1932ల జబల్ దుఖాన్ దగ్గర నూనె పడింది. గల్ఫ్‌కు అరబ్ దిక్కున అదే మొట్టమొదటి నూనె బావి. 1936ల రిఫైనరీ వచ్చింది. భారతీయులు ఇక్కడి నూనె కంపెనీల 1930ల నుంచే పని చేసిండ్రు. 1986ల సౌదీకి 25 కిలోమీటర్ల కాజ్‌వే తెరిస్తే లారీల రాకపోకలు ఇంకా పెరిగినయి. తర్వాత సముద్రం పూడ్చుడు. ఈ రోజు మనం పనికి పోయే ఎన్నో ఏరియాలు ఒకప్పుడు నీళ్లే. ఆ మట్టి, ఆ రాయి అంతా టిప్పర్లే మోసినయి. మోసేటప్పటి కంటే లైన్ల నిలబడేటప్పుడే ఎక్కువ సేపు ఇంజన్ తిరుగుతది. ఎండకు ఏసీ బంద్ చేస్తే క్యాబిన్ల మనిషి ఉండలేడు. కిలోమీటర్ల మీటర్ కదలదు, ఇంజన్ మాత్రం గంటలు గంటలు తిరుగుతనే ఉంటది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందుకు పనికొస్తది.

ఇగ మా టిప్పర్ సంగతి. పాత ఆరు సిలిండర్ల బండి. పొద్దున స్టార్ట్ కావడానికి మొండికేస్తుండె. స్టార్టయితే తెల్ల పొగ. ర్యాంప్ ఎక్కేటప్పుడు దమ్ము లేదు. ఇంజన్ ముందు భాగంల కటకట. ఒకరోజు లోడు మీద ర్యాంప్ నడుమ ఆగిపోయింది. “ఆయిల్ చూడకుండ నడిపిండు, ఇంజన్ తినేసిండు” అని పోరని మీద రాసిండ్రు. నెలకు ఇరవై దీనార్ల కోత.

బండిని సల్మాబాద్‌ల ఒక గ్యారేజీకి పంపిండ్రు. అక్కడ మేస్త్రి మన తెలుగాయనే, అరవైకి దగ్గరపడ్డ మనిషి. చిన్నప్పుడే ఆటోనగర్‌ల స్పానర్ పట్టినాయన. ఆయన వచ్చీ రాగానే ఏదీ విప్పలే. ముందు డిప్‌స్టిక్ తీసి చూసిండు, ఆయిల్ లెవెల్ సరిగ్గనే ఉంది. బండి స్టార్ట్ చేయించి, పొడుగు స్క్రూడ్రైవర్ కొనను ముందు కవర్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నడు. మెల్లగ తిరిగేటప్పుడు కటకట ఎక్కువ, కొంచెం రేజ్ చేస్తే తక్కువ. తర్వాత ఒక్కో సిలిండర్ డీజిల్ పైపు నట్టు వదులు చేసి చూసిండు. ఏ సిలిండర్ ఆపినా శబ్దం మారలే. అంటే ఇది ఏ ఒక్క ఇంజెక్టర్‌దో, ఏ ఒక్క పిస్టన్‌దో కాదు.

అప్పుడు ఆయిల్‌ను తెల్లగుడ్డలకెళ్లి వడగట్టిండు. గుడ్డ మీద సన్న తళుకులు మిగిలినయి. అయస్కాంతం పెడితే కొన్ని అంటుకున్నయి, కొన్ని అంటుకోలే. “అంటుకున్నది గేరు ఉక్కండీ. అంటుకోని ఈ పసుపుపచ్చ ముక్కలు మధ్య గేరు బుష్షువి” అన్నడు.

రేడియేటర్, ఫ్యాన్, పుల్లీ తీసి ముందు కవర్ విప్పిండ్రు. ఒక గేరును కదలకుండ పట్టుకొని, దాని పక్క గేరును ఇటు అటు ఊపి, డయల్ గేజ్‌తో సందు కొలిచిండు. ఇట్లాంటి ఇంజన్లకు కొత్తగ ఉన్నప్పుడు ఆ సందు మిల్లీమీటర్‌ల పదో వంతు, కొంచెం ఎక్కువ. 0.3 మిల్లీమీటర్ దాటితే చాలావాటికి మార్చాలె. అంటే మూడు కాగితాల మందం. మా బండిల అర మిల్లీమీటర్ దాటింది. పళ్లు ఒక్క దిక్కే అరిగి అద్దంలెక్క మెరుస్తున్నయి. తోసే దిక్కు అరిగినకొద్దీ క్యామ్, పంపు వెనకపడుతయి, డీజిల్ ఆలస్యంగ చిమ్ముతది. తెల్ల పొగ, దమ్ము లేకపోవుడు, స్టార్ట్ కాకపోవుడు, మూడింటికీ కారణం దొరికింది.

నేను అడిగిన, “ఆయిల్ లేక ఇట్ల అయిందంటున్నరు మేస్త్రీ?”

ఆయన క్రాంక్ బేరింగ్ షెల్ ఒకటి తీసి చూపించిండు. “ఆయిల్ లేకుండా నడిపితే ముందు ఇది కాలి నల్లబడాలి. ఇది శుభ్రంగా ఉంది చూడండి. ఈ మధ్య గేరుకి ఆయిల్ వచ్చే రంధ్రం జిడ్డుతో పూడుకుపోయింది. కిలోమీటర్లు చూసి ఆయిల్ మార్చారు, గంటలు చూడలేదు. ఇది నిన్నా మొన్నా అరిగింది కాదండీ, ఏళ్ల అరుగుదల. ఆ కుర్రాడు వచ్చి ఎన్నాళ్లయింది?”

“ఏడు నెలలు.”

“మరి అంతకు ముందు నడిపినవాళ్లంతా ఏమయ్యారు?” అని ఆయన పనిల పడ్డడు.

నాకు మాట రాలే. ఎందుకంటే రోజూ పొద్దున ఆ టిప్పర్ చెక్‌లిస్ట్ మీద సంతకం నాది. రెండు నెలల ముందే ఆ పోరడు “అన్నా, ముందట కటకట అంటుంది” అని చెప్పిండు. “పాత బండి గట్లనే ఉంటది, నడుపు” అన్న. ఇంజన్ శబ్దం అనే గడిల ‘బాగుంది’ అని టిక్ పెట్టింది నేనే.

రిపేరు ఎట్ల చేసిండో కూడ చెప్త. గేర్లన్నీ సెట్‌గనే మార్చిండు. కొత్త పన్ను పాత పన్నుతో కలిస్తే ఊళ పెడుతది, తొందరగ అరుగుతది. బుష్షు, దాని షాఫ్ట్ కొత్తవి, ఆయిల్ రంధ్రం శుభ్రం. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌ల పైకి తెచ్చి, గేర్ల మీది గుర్తులు ఒకదానికొకటి కలిపిండు. స్టార్ట్ చేయకముందు చేత్తోని రెండు చుట్లు తిప్పిండు, ఎక్కడన్న తగులుతుందేమోనని. రెండు చుట్ల తర్వాత మధ్య గేరు గుర్తులు కలవలే. నేను భయపడ్డ. ఆయన నవ్విండు. మధ్య గేరు పళ్ల లెక్క వేరు, దాని గుర్తు మళ్ల కలవాలంటే ఎన్నో చుట్లు తిరగాలె, క్రాంకు, క్యామ్ మాత్రం సరిగ్గనే ఉన్నయన్నడు. చివరికి పంపు మొదటి పైపు దగ్గర వంపు గొట్టం పెట్టి, ఇంజన్‌ను మెల్లగ తిప్పుకుంట, ధార చుక్క చుక్కయి ఆగే చోటు గుర్తుకు కలిపి పంపు బిగించిండు. సెల్ఫ్ కొట్టంగనే స్టార్టయింది. పొగ లేదు, కటకట లేదు.

ఆ తెల్లగుడ్డ, ఫొటోలు, కొలత రాసిన కాగితం పట్టుకొని నేను ఆఫీసుకు పోయిన. నా టిక్కుల సంగతి కూడ ఒప్పుకున్న. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చిండ్రు. పోరని కోత ఆగింది. అప్పటికే కోసిన రెండు నెలల నలభై దీనార్లు మాత్రం తిరిగి రాలే.

ఇప్పటి బండ్ల మాట కూడ ఒకటి. 1962ల జర్మనీల గ్లాస్ అనే కంపెనీ కారుకు రబ్బర్ టైమింగ్ బెల్టు పెట్టింది. శబ్దం లేదు, తేలిక. కానీ చాలా ఇంజన్లల్ల అది తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతయి. 1995ల జపాన్‌ల లారీలకు కామన్ రైల్ వచ్చినంక డీజిల్ చిమ్మే వేళ కంప్యూటర్ చూస్తుంది. క్రాంకుకు ఒక సెన్సర్, క్యామ్‌కు ఒక సెన్సర్. రెండింటికీ లెక్క కలవకపోతే లైటు వెలిగి, కోడ్ రాసిపెడుతది. పాత బండ్లల్ల అట్ల రాసిపెట్టేది ఏదీ లేదు. అరుగుదల ఏళ్లది, నింద మాత్రం ఆఖరికి స్టీరింగ్ పట్టినోని మీద పడుతది.

కాబట్టి తమ్ముళ్లూ, ఆ రాసిపెట్టే పని మీరే చేయండి. కొత్త బండి చేతికిచ్చిన రోజే స్టార్ట్ చేసి, ఇంజన్ ముందు ఇరవై సెకండ్లు ఫోన్‌ల శబ్దం రికార్డు చేసి దాచుకోండి. ఆయిల్ మార్చిన స్టిక్కర్, మీటర్ ఫొటో తీయండి. గంటల మీటర్ ఉంటే అది కూడ. కటకట మొదలైతే నోటి మాటతో ఊకోకండి, వాట్సాప్‌ల పంపండి, తేదీ అదే పడుతది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయంగనే కొన్ని సెకండ్లు గరగర అంటే చైను సాగిందేమో చూపించండి. బెల్టు బండి నడుస్తూ ఒక్కసారిగ ఆగిపోతే మళ్ల మళ్ల సెల్ఫ్ కొట్టకండి.

నాలెక్క సూపర్‌వైజర్లు, ఫోర్‌మెన్లు ఎవరన్న చదువుతుంటే ఒకటే మాట. డ్రైవర్ శబ్దం అని చెప్పిన రోజు ఆ గడిల టిక్ పెట్టకండి. ఆయన చెప్పిన మాట రాయండి.