బరువు లెక్క తెలిసిన చేతులు

1957 తొలి నెలలు. లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్ ప్రాంతంలో రాత్రి షూటింగ్. ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ మొదటి షాట్ తీస్తున్నాడు. ఎవడో టైం బాంబుకు ముల్లు తిప్పి, ఆగి ఉన్న కారు డిక్కీలో పెట్టి పరుగెత్తుతాడు. సంగతి తెలియని జంట ఆ కారెక్కుతుంది. అంతదాకా బాంబును దగ్గర్నుంచి చూపించిన కెమెరా పైకి లేస్తుంది. కట్టడాల కప్పుల మీదుగా సాగి మళ్లీ వీధిలోకి దిగుతుంది. కారునూ, పక్కనే నడిచే కొత్త దంపతులనూ వెంబడిస్తూ సరిహద్దు తనిఖీ గేటు దాకా పోతుంది. సుమారు 3 నిమిషాల 20 సెకన్ల పాటు ఎక్కడా కత్తెర పడదు.

గేటు దగ్గర కస్టమ్స్ అధికారి వేషం వేసిన నటుడు మాట తడబడేవాడు. అంతే, మళ్లీ మొదటికి! తూర్పు తెల్లబడే వేళకు దొరికిన టేకు ఇప్పుడు మనం చూస్తున్నది.

ఈ షాట్ గురించి పుస్తకాల్లో పుటలకొద్దీ రాశారు. వెల్స్‌ను పొగిడారు, ఛాయాగ్రాహకుడు రస్సెల్ మెట్టీని పొగిడారు. నటుడు తడబడినప్పుడల్లా చాప్‌మన్ క్రేన్ బండిని వెనక్కి తెచ్చి, మళ్లీ అదే వేగంతో అదే మలుపులో అదే ఎత్తుకు బూమ్ అనే పొడుగాటి చేతిని లేపిన మనుషుల గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలకు మించి దొరకవు. హాలీవుడ్‌లో వాళ్లను గ్రిప్‌లు అంటారు. వాళ్లకు పెద్ద, కీ గ్రిప్. కెమెరాలోంచి చూసేది ఆపరేటరైతే, ఆ కెమెరాను మోసేదీ, తోసేదీ, ఎత్తేదీ, దించేదీ గ్రిప్‌లు.

పల్లెలో ఏతం చూసినవాళ్లకు క్రేన్ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. పొడుగాటి చివర కెమెరా, పొట్టి చివర సీసపు దిమ్మలు. ముందువైపు బూమ్ వెనకవైపు కంటే మూడింతలు పొడుగుంటే, కెమెరా వైపు బరువుకు దాదాపు మూడింతలు వెనక వెయ్యాలి. తూకం సరిగ్గా కుదిరితే ఒక్క మనిషి టన్ను బరువును చేత్తో మెల్లగా లేపగలడు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. పాత క్రేన్ల మీద కెమెరాతో పాటు ఆపరేటర్, ఫోకస్ సహాయకుడు, ఒక్కోసారి దర్శకుడు కూడా కూర్చునేవారు. షాట్ అయిపోయింది కదా అని వాళ్లలో ఒకరు చటుక్కున దిగేస్తే వెనక దిమ్మలు కిందికి కుంగి, ముందు కొస మిగిలినవాళ్లతో సహా ఆకాశానికి లేస్తుంది. అందుకే గ్రిప్ చెప్పేదాకా ఎవరూ సీటు వదలకూడదు. సెట్‌లో దర్శకుడి మాట కూడా చెల్లని నియమం ఇది.

ఇంత దాకా రావడానికి సినిమాకు చాలా ఏళ్లే పట్టింది. 1914లో ఇటలీ దర్శకుడు జొవాన్ని పాస్ట్రోనె ‘కబిరియా’లో కెమెరాను చక్రాల బండి మీద పెట్టి సెట్టులోకి మెల్లగా నడిపించాడు. రెండేళ్లకు అమెరికా దర్శకుడు గ్రిఫిత్ ‘ఇన్‌టాలరెన్స్’ కోసం బాబిలోన్ నగరాన్ని కట్టించి, దాని ఎదుట పట్టాల మీద కదిలే బురుజు లాంటి చట్రం నిలబెట్టాడు. అందులో లిఫ్టు, లిఫ్టులో కెమెరా. బురుజు ముందుకు జరుగుతుంటే లిఫ్టు కిందికి దిగుతుంది. మోటారు క్రేన్ లేని రోజుల్లో అది కూలీల కండబలం చేసిన అద్భుతం.

1929లో యూనివర్సల్ వారి ‘బ్రాడ్‌వే’ కోసం దర్శకుడు పాల్ ఫెయోష్, ఛాయాగ్రాహకుడు హాల్ మోర్ ఉక్కు క్రేన్ తయారు చేయించారు. బరువు సుమారు 28 టన్నులు, ఖర్చు సుమారు 50,000 డాలర్లు. అది స్వేచ్ఛగా తిరగడానికి కొత్తగా పెద్ద స్టేజీ కూడా కట్టాల్సి వచ్చింది. పదేళ్లు గడిచాక ‘గాన్ విత్ ది విండ్’లో అట్లాంటా రైల్వే యార్డు నిండా పడి ఉన్న క్షతగాత్రులను చూపించడానికి సినిమా క్రేన్ల ఎత్తు ఏదీ చాలలేదు. కట్టడాల పనికి వాడే భారీ క్రేన్ తెచ్చారు. అది కదిలితే కెమెరా వణక్కుండా కాంక్రీటు దారి పోశారు. మనుషులు చాలక మధ్యమధ్య బొమ్మలను పడుకోబెట్టారు.

యంత్రం చెయ్యలేని చోట చేతులు ఏం చెయ్యగలవో తెలియాలంటే ‘సోయ్ క్యూబా’ చూడాలి. 1964 నాటి సోవియట్, క్యూబా ఉమ్మడి చిత్రం. దర్శకుడు కలటోజోవ్, ఛాయాగ్రాహకుడు ఉరుసెవ్‌స్కీ. హవానా వీధిలో విద్యార్థి నాయకుడి అంతిమయాత్ర సాగుతుంటుంది. కెమెరా జనం మధ్య నుంచి గోడ వెంట అంతస్తులు ఎక్కి, చుట్టలు చుట్టే కార్ఖానాలోకి ప్రవేశిస్తుంది. కార్మికుల నడుమగా సాగి, వాళ్లు కిటికీలోంచి జెండా పరుస్తుంటే తనూ అదే కిటికీలోంచి గాల్లోకి వెళ్లి, శవపేటిక వెంట వీధి నడిబొడ్డున తేలుతూ పోతుంది. అప్పట్లో డ్రోన్ లేదు. తేలికపాటి ఎక్లేర్ కెమెరా చేతి నుంచి చేతికి మారింది, చివరికి తీగ మీదికెక్కింది. చేతులు మారేటప్పుడు చిన్న కుదుపు వచ్చినా షాట్ మొత్తం పోయేదే. తెర మీద మాత్రం ఆ మార్పిడి జాడ పట్టుకోవడం కష్టం. దాదాపు మూడు దశాబ్దాలు మరుగున పడిన ఈ చిత్రాన్ని 1990లలో హాలీవుడ్ దర్శకులు స్కోర్సెసీ, కొప్పోలా చేయూతతో అమెరికాలో విడుదల చేశారు.

క్రేన్ ఎంత పెరిగినా బూమ్ మీద మనుషులు కూర్చున్నంతకాలం దాని బరువు తగ్గదు, ఇరుకులో దూరదు. ఈ చిక్కు విప్పింది ఇద్దరు ఫ్రెంచి యువకులు, జాన్ మరీ లావలూ, ఆలాఁ మస్సెరోఁ. సైనిక సేవలో ఉండగా జలాంతర్గామిలో చిత్రీకరించాల్సి వచ్చింది. లోపల కెమెరా వెనక మనిషి నిలబడే చోటే లేదు. మనిషిని ఇవతలే ఉంచి, కెమెరాను ఒక్కదాన్నే బూమ్ చివరికి పంపితే? ఆ ఆలోచనే లూమా క్రేన్‌గా ఎదిగింది. ఆపరేటర్ కింద కూర్చుని వీడియో తెర చూస్తూ, చక్రాలు తిప్పి కెమెరా తలను ఆడిస్తాడు. దర్శకుడు పోలాన్‌స్కీ 1976 చిత్రం ‘ది టెనెంట్’ మొదలయ్యేది దాని విన్యాసంతోనే. ముంగిట్లో కిటికీ నుంచి కిటికీకి కెమెరా పాకుతుంది.

అదే ఏడాది వచ్చిన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’లో గ్యారెట్ బ్రౌన్ నడకలో కెమెరా కుదుపు తగ్గించే తన కొత్త సాధనం స్టెడికామ్ తొడుక్కుని క్రేన్ మీద కూర్చున్నాడు. వలస కూలీల శిబిరం మీదుగా కిందికి దిగి, షాట్ ఆగకుండానే క్రేన్ వదిలి గుంపులోకి నడిచాడు. సీటు వదలకూడదన్న నియమాన్ని షాట్ మధ్యలోనే దాటడమన్నమాట! అతడు దిగిన క్షణంలో క్రేన్ ఎగరకుండా కాసుకోవడం గ్రిప్‌ల వంతు. ఆ చిత్రానికి ఛాయాగ్రహణంలో హాస్కెల్ వెక్స్‌లర్ ఆస్కార్ అందుకున్నాడు. తర్వాతి తరంలో సాగుతూ ముడుచుకునే టెక్నోక్రేన్ వచ్చింది. పరుగెత్తే కారు నెత్తిన కుదుపు తగ్గించే గైరో కెమెరాతో తిరిగే బూమ్ కీవ్‌లో అనతోలీ కొకుష్ బృందం చేతుల్లో రూపుదిద్దుకుంది.

మన దగ్గర ఈ పని తీరు వేరు. క్రేనో, ట్రాలీయో, జిమ్మీ జిబ్బో అద్దెకు తెస్తే దాన్ని నడిపే కుర్రాళ్లు దాంతోనే వస్తారు. అందరికంటే ముందు సెట్‌కు చేరి, నేల ఎగుడుదిగుళ్లు చూసి, చెక్క ముక్కలు దూర్చి, రసమట్టం పెట్టి పట్టాలు సరిచేసేది వాళ్లే. నటుడి నడక చూస్తూ ట్రాలీ తొయ్యాలి. అతడు ఆగే క్షణం ముందే చేతికి తెలియాలి. ఇది పుస్తకం చూసి నేర్చుకునే విద్య కాదు. 1989లో ‘శివ’ సినిమా స్టెడికామ్‌తో తెలుగు ప్రేక్షకులను ఉలిక్కిపడేలా చేసింది. అయినా పట్టాల పని, క్రేన్ పని తగ్గలేదు. భారీ సెట్ల చిత్రాలు వచ్చేకొద్దీ ఇంకా పెరిగింది.

పనితో పాటు ముప్పూ పెరిగింది. 2020 ఫిబ్రవరి 19 రాత్రి చెన్నై దగ్గరి ఈవీపీ ఫిల్మ్ సిటీలో ‘ఇండియన్ 2’ సినిమా సెట్ మీద లైట్లకు వాడే క్రేన్ కూలి ముగ్గురు చిత్ర సిబ్బంది చనిపోయారు. షూటింగ్ ఆగింది, కేసు నడిచింది, చిత్ర కథానాయకుడు కమల్ హాసన్ బాధిత కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించారు. క్రేన్ నిలిపే నేల గట్టిదనం, గాలి వేగం, ఎత్తగలిగే బరువు, కింద జనం ఉండకూడని మేర: ఈ నాలుగూ షాట్ కంటే ముందు ఒకరు లెక్క చూసి సరే అనాలి. ఆ ఒక్కరికి కాదనే అధికారం కాగితం మీద రాసి ఇవ్వాలి, టైటిల్స్‌లో ఛాయాగ్రాహకుడి పేరు కిందనే క్రేన్ నడిపేవాళ్ల పేర్లూ వెయ్యాలి.