గద్దర్ అంటే ద్రోహి కాదు: ఒక ఆల్బం పేరు వెనక కథ

పాశమైలారం నుంచి పటాన్‌చెరు వచ్చే షిఫ్టు బస్సులో మొన్న డ్రైవర్ గద్దర్ పాటలు పెట్టాడు. నా పక్క సీట్లో కూర్చున్న చాచా చాలాసేపు విని, "ఇంత మంచిగ పాడుతుండు, పేరేమో గద్దార్ అని పెట్టుకున్నడేంది బేటా? ద్రోహి అని ఎవరన్నా పేరు పెట్టుకుంటరా?" అని అడిగారు. ఉర్దూ తెలిసిన చాలా ఇళ్లల్లో వచ్చే అనుమానమే ఇది.

ఉర్దూలో రెండు వేరు మాటలున్నాయి. 'గద్దార్' అంటే ద్రోహి. 'గదర్' అంటే తిరుగుబాటు. 1857ను మన పెద్దలు గదర్ అనే అంటారు. బ్రిటిష్ పాలన మీద పోరాడటానికి అమెరికాలో 1913లో పుట్టిన పార్టీ పేరూ గదరే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పార్టీ అచ్చేసిన పత్రిక మొదటి సంచిక ఉర్దూలోనే వచ్చింది. గుమ్మడి విఠల్ రావు మొదటి పాటల ఆల్బంకు ఆ పార్టీ గుర్తుగా పెట్టిన పేరు 'గద్దర్'. తెలుగులోకి వచ్చేసరికి 'ద' కింద ఒత్తు పడింది. ఆల్బం పేరే చివరికి మనిషి పేరైపోయింది.

ఆయన మనకు దూరపు మనిషేం కాదు. 1949లో తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. పాత మెదక్ జిల్లాలో తూప్రాన్, సంగారెడ్డి రెండూ ఉండేవి, జిల్లా కేంద్రం సంగారెడ్డి. ఉస్మానియాలో ఇంజినీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేశారు. బి.నర్సింగరావు ప్రోత్సాహంతో 1971లో రాసిన 'ఆపర రిక్షా' ఆయన మొదటి పాట. 1972లో జన నాట్య మండలి వచ్చింది. 1975లో కెనరా బ్యాంకులో క్లర్కుగా చేరి, 1984లో ఆ ఉద్యోగం వదిలేశారు. బీకాం చదివి బ్యాంకు పరీక్షలు మూడుసార్లు రాసిన నాకు ఈ ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

పాట రాసేది ఆయనే, బాణీ కట్టేది ఆయనే, పాడేదీ ఆయనే. వెనక సినిమా కంపెనీ లేదు. పంచె, భుజం మీద గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన డప్పు, వంత పాడే నలుగురు, అంతే సామాను. వినేటప్పుడు ఒకటి గమనించండి. పాట మధ్యలో ఆగి జనంతో మాట్లాడతారు, కథ చెబుతారు, మళ్లీ పల్లవి అందుకుంటారు. ఒగ్గుకథ, వీధి భాగవతం చూసినవాళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. కాబట్టి స్టూడియోలో నున్నగా చేసిన రికార్డింగుల కంటే సభల్లో తీసినవి ముందు వినడం మంచిది. గజ్జెల చప్పుడు, జనం కేకలు లేకపోతే సగం పాట పోయినట్టే.

మన ఇళ్లల్లో చిక్కు వచ్చేది ఒక పాట దగ్గర, 'బండెనక బండి కట్టి'. నిజాం సర్కారును నిలదీసే పాట అది. రాసింది బండి యాదగిరి. 1979 నాటి 'మాభూమి' సినిమాలో గద్దర్ తెర మీద పాడాక ఊరూరికీ పోయింది. ఆ పాట రాగానే ఫోన్ పక్కన పెట్టేసే పెద్దలు నాకు తెలుసు. వాళ్లను తప్పు పట్టలేను. 1948 పోలీస్ యాక్షన్ సమయంలో పల్లెల్లో ముస్లింల మీద ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసి పెట్టింది. ఆ గాయం ఉన్న ఇంట్లో నిజాం పేరు వినగానే మనసు చివుక్కుమనడం సహజం.

కానీ ఆ పాట కోపం దొర మీద, దొరను కాపాడిన సర్కారు మీద. 'మాభూమి' సినిమాకు ఆధారమే ఒక ఉర్దూ నవల, కృష్ణచందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే'. ఆ పోరాటానికి ఉర్దూలో గొంతు ఇచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ 1908లో అందోలులో పుట్టారు, అంటే ఇప్పటి మన సంగారెడ్డి జిల్లాలోనే. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా మనవాడే. ఈ సంగతులు తెలిశాక నాకు ఆ పాట వేరేగా వినిపించింది. మీకూ అలాగే వినిపించాలని నేననను.

తర్వాతి కథ చాలామందికి తెలుసు. 1985 కారంచేడు హత్యాకాండ తర్వాత అజ్ఞాతం, 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో పెద్ద సభ, 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 'ఒరేయ్ రిక్షా' సినిమాకు రాసిన 'మల్లెతీగకు పందిరివోలె' పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో ఇస్తున్న సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టింది. ఆయనుంటే ఏమనేవారో!

2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయారు. మరుసటి రోజు అల్వాల్‌లో అంతిమయాత్రకు జనం పోటెత్తారు. ఆ రద్దీలోనే, ఆయనతో ఏళ్ల స్నేహం ఉన్న 'సియాసత్' ఉర్దూ దినపత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ కుప్పకూలి కన్నుమూశారు.

బస్సు దిగేముందు చాచాకు ఇదంతా చెప్పే టైం దొరకలేదు. గదర్, గద్దార్ తేడా మాత్రం చెప్పగలిగాను. "అచ్ఛా, గదర్!" అని నవ్వి, ఆ పాటలు తన ఫోన్‌కు పంపమన్నారు.